ఫిలడెల్ఫియా ప్లీడరుగారు

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు మనం తిప్పి చూపించే చోట్లలో నయాగరా, స్టాట్యూ ఆఫ్ లిబర్టీ తర్వాత ఫిలడెల్ఫియాలోని ఇండిపెండెన్స్ హాలు తప్పకుండా ఉంటుంది. పగిలిన గంట ముందు అందరినీ వరసగా నిలబెట్టి ఒక ఫోటో తీసి, 1776లో స్వాతంత్ర్య ప్రకటన ఇక్కడే జరిగిందని చెప్పి, ఆనక భోజనం ఎక్కడ చేద్దామా అని ఆలోచించడం మనందరికీ అలవాటే. ఆ ఎర్ర ఇటుకల భవనం ఎవరు కట్టించారని మాత్రం మనం అడగం. పెన్సిల్వేనియా శాసనసభ కోసం 1732లో దాని పని మొదలుపెట్టారు. స్థలం కొనడం దగ్గర నుంచి నక్షా దాకా ముందు నిలబడి నడిపించిన మనిషి ఒక ప్లీడరు. పేరు ఆండ్రూ హామిల్టన్. (కట్టిన మేస్త్రీ ఎడ్మండ్ వూలీకి కూడా ఆ ఖ్యాతిలో వాటా ఉందని చరిత్రకారులు అంటారు. అది న్యాయమే.) పది డాలర్ల నోటు మీద బొమ్మ ఉన్న అలెగ్జాండర్ హామిల్టన్ వేరు, ఈయన వేరు. ఇద్దరికీ చుట్టరికం లేదు. అయితే ఆ రెండో హామిల్టన్ కూడా ఈ కథలో చివర ఒకసారి వచ్చి పోతాడు.

నేను డాక్టరును. మా వృత్తిలో ఉన్నవాళ్ళకు లాయరు అనగానే మాల్‌ప్రాక్టీసు కాగితాలు గుర్తొచ్చి గుండె ఒకసారి జారుతుంది. అటువంటి నేను ఒక లాయరును మెచ్చుకుంటూ ఇంత పెద్ద వ్యాసం రాస్తున్నానంటే మా ఆసుపత్రి మిత్రులు నవ్వుతారేమో. అయినా పేపరులో గవర్నరును, ప్రెసిడెంటును తిట్టిపోసి మర్నాడు నిక్షేపంగా కాఫీ తాగగలిగే ఈ దేశంలో, ఆ సౌకర్యం ఎక్కడ మొదలైందో మన పిల్లలకు చెప్పాలంటే ఈయన పేరు ఎత్తక తప్పదు.

హామిల్టన్ 1676 ప్రాంతంలో స్కాట్లండులో పుట్టాడు. ఇరవై ఏళ్ళు దాటుతుండగా వర్జీనియా చేరి, తర్వాత మేరీలాండు వెళ్ళి, అక్కడి నుంచి ఫిలడెల్ఫియాలో స్థిరపడ్డాడు. ఒక రకంగా మనలాగే వలస వచ్చినవాడే. మధ్యలో లండను వెళ్ళి గ్రేస్ ఇన్‌లో చేరి బారిస్టరు అయ్యాడు. 1717లో పెన్సిల్వేనియాకు అటార్నీ జనరల్. ఆ తర్వాత చాలాకాలం శాసనసభకు స్పీకరు. విలియం పెన్ కుటుంబానికి ఆస్తి వ్యవహారాలు చూసిన వకీలు. కుర్రవాడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను చేరదీసి, అతని ప్రెస్సుకు ప్రభుత్వపు అచ్చుపని ఇప్పించిన పెద్దమనిషి. చూశారుగా, ఈయనేమీ జెండా పట్టుకుని వీధిలోకి దిగిన మనిషి కాదు. జమీందార్ల తరఫున వాదించి, డబ్బూ పలుకుబడీ సంపాదించి, అరవైకి దగ్గరపడిన, కీళ్ళవాతంతో బాధపడే లాయరు. అటువంటి మనిషి 1735 ఆగస్టులో, ఫీజు లేకుండా, పరాయి కాలనీ అయిన న్యూయార్కు వెళ్ళి, చిల్లిగవ్వ లేని ఒక ప్రింటరు తరఫున నిలబడ్డాడు.

దానికి కారణం తెలియాలంటే ముందు న్యూయార్కు గవర్నరు విలియం కాస్బీ సంగతి తెలియాలి. ఈ దొరగారు 1732 ఆగస్టులో లండను నుంచి దిగాడు. అంతకు ముందు గవర్నరు చనిపోతే పదమూడు నెలలపాటు రిప్ వాన్ డామ్ అనే డచ్చి వర్తకుడు పాలన చూశాడు. ఆ కాలానికి అతను తీసుకున్న జీతంలో సగం తనకు రావాలని కాస్బీ పట్టుబట్టాడు. వాన్ డామ్ ఇవ్వనన్నాడు. మామూలు కోర్టుకు పోతే జ్యూరీ ఉంటుంది. జ్యూరీలో కూర్చునేవాళ్ళు ఊరివాళ్ళు, వాళ్ళు వాన్ డామ్ వైపే మొగ్గుతారు. అందుకని కాస్బీ జ్యూరీ లేకుండా జడ్జీలే తీర్పు చెప్పే పద్ధతిలో కేసు నడిపించబోయాడు. ముగ్గురు జడ్జీలలో చీఫ్ జస్టిస్ లూయిస్ మారిస్ ఇది చెల్లదన్నాడు. అని ఊరుకోక తన అభిప్రాయాన్ని అచ్చు వేయించాడు. కాస్బీ వెంటనే ఆయన్ను పీకేసి, ముప్ఫై ఏళ్ళు కూడా నిండని జేమ్స్ డిలాన్సీని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. కంచే చేను మేసినట్లు అంటే ఇదే.

మారిస్ కాగితం అచ్చువేసిన ప్రింటరు జాన్ పీటర్ జెంగర్. జర్మనీ నుంచి 1710లో ఓడలో వస్తుండగా తండ్రి దారిలోనే చనిపోయాడు. పదమూడేళ్ళ పిల్లవాడు తల్లితో న్యూయార్కులో దిగి, విలియం బ్రాడ్‌ఫర్డ్ అనే ప్రింటరు దగ్గర ఎనిమిదేళ్ళ ఒప్పందానికి పనికి కుదిరాడు. అతనికి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఊళ్ళో ఉన్న ఒక్క పత్రికా ఆ బ్రాడ్‌ఫర్డ్‌దే, అది గవర్నరు పాట పాడేది. మారిస్ వర్గానికి సొంత పత్రిక కావలసి వచ్చింది. 1733 నవంబరు 5న జెంగర్ ప్రెస్సు నుంచి ‘న్యూయార్క్ వీక్లీ జర్నల్’ బయలుదేరింది. రాసేది, దిద్దేది జేమ్స్ అలెగ్జాండర్ అనే లాయరూ ఆయన స్నేహితులూ. పేర్లు ఉండవు. కాగితం మీద కనబడే పేరు జెంగర్ ఒక్కడిదే. దెబ్బ తగిలితే ఎవరికి తగులుతుందో అందరికీ తెలుసు, జెంగర్‌కూ తెలుసు.

మొదటి సంచికలోనే ఒక ఎన్నిక వార్త వచ్చింది. పదవి పోయిన మారిస్ వెస్ట్‌చెస్టర్ నుంచి శాసనసభకు నిలబడ్డాడు. ప్రమాణం చేయడం మతవిరుద్ధమని నమ్మే క్వేకర్లు ముప్ఫై ఎనిమిది మంది ఆయనకు ఓటు వేయడానికి వస్తే, ప్రమాణం చేయలేదన్న సాకుతో షెరీఫు వాళ్ళ ఓట్లు కొట్టేశాడు. అయినా మారిస్ గెలిచాడు. ఇక అక్కడి నుంచి వారం వారం గవర్నరుకు చురకలే. ఉత్త వ్యాసాలే అనుకోకండి. తప్పిపోయిన కుక్క ప్రకటన అంటూ, అయిదడుగుల అయిదంగుళాల ఎత్తున్న స్పానియల్ కుక్క ఒకటి నోటినిండా పొగడ్తలతో తిరుగుతోందని వేసేవారు. అది గవర్నరుగారి భజనపరుడు ఎవరో ఊరంతా పోల్చుకుని నవ్వుకునేది. పెద్దవాళ్ళకు వ్యాసం కన్నా నవ్వే ఎక్కువ మంట పెడుతుంది.

కాస్బీ కేసు పెట్టించాలనుకున్నాడు. ఆ కాలపు పద్ధతిలో ముందు గ్రాండ్ జ్యూరీ అనే పౌరుల బృందం, ఇది విచారించదగ్గ కేసే అని చెప్పాలి. చీఫ్ జస్టిస్ డిలాన్సీ 1734లో రెండుసార్లు గ్రాండ్ జ్యూరీకి నచ్చజెప్పాడు. రెండుసార్లూ వాళ్ళు కాదన్నారు. శాసనసభను అడిగితే ఆ సంగతి పక్కన పెట్టేసింది. చివరికి గవర్నరు కౌన్సిలు 7, 47, 48, 49 నంబరు సంచికలను బహిరంగంగా తగలబెట్టమని ఉత్తర్వు చేసింది. నగర మేయరు, ఆల్డర్మన్లు రామన్నారు. అధికారిక తలారి దొరకలేదు. షెరీఫు తన బానిస చేత ఆ పని చేయించాడు. పత్రికాస్వేచ్ఛ కథలో నిప్పు అంటించవలసి వచ్చిన ఆ బానిస పేరు చరిత్రకు అక్కర్లేకపోయింది.

నవంబరు 17న, ఆదివారం, జెంగర్‌ను పట్టుకుపోయారు. గ్రాండ్ జ్యూరీ ఒప్పుకోలేదు కనక అటార్నీ జనరల్ రిచర్డ్ బ్రాడ్లీ ‘ఇన్ఫర్మేషన్’ అనే అడ్డదారిలో తనే నేరారోపణ పత్రం దాఖలు చేశాడు. బెయిలు 400 పౌన్లు, దాని పైన 200 చొప్పున ఇద్దరు జామీనుదార్లు. పనిముట్లు, ఒంటిమీద బట్టలు తీసేస్తే తన ఆస్తి 40 పౌన్లు కూడా చేయదని జెంగర్ ప్రమాణం చేశాడు. తొమ్మిది నెలలకు కాస్త తక్కువగా లోపలే ఉన్నాడు. పత్రిక ఆగిందా? ఒక్క వారం ఆగింది. తర్వాత వారం నుంచి భార్య ఆనా నడిపింది. జైలు తలుపులో ఉన్న కన్నంలోంచి భర్త చెప్పడం, ఆమె ఇంటికి వెళ్ళి అచ్చు వేయించడం. హామిల్టన్ గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆనా గురించి ఇంకాస్త రాసి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

జెంగర్ తరఫున మొదట నిలబడ్డది అలెగ్జాండర్, విలియం స్మిత్ అనే ఇద్దరు న్యూయార్కు లాయర్లు. 1735 ఏప్రిలులో వాళ్ళు ఈ జడ్జీల నియామకమే చెల్లదని అభ్యంతరం పెట్టారు. డిలాన్సీ వాదన వినకుండా ఇద్దరి పేర్లూ లాయర్ల పట్టీలోంచి కొట్టేయించాడు. కోర్టువారే జాన్ చేంబర్స్ అనే కుర్ర లాయరును జెంగర్‌కు ఇచ్చారు. గవర్నరు పక్షం మనిషి అని పేరున్నా, ఆ చేంబర్స్ తన పని ధర్మంగా చేశాడు. జ్యూరీకి పేర్లు తీసే గుమాస్తా, గవర్నరుకు కావలసినవాళ్ళ పేర్లు జాబితాలో ఎక్కిస్తే, చేంబర్స్ అడ్డుపడి సక్రమమైన జాబితా వేయించాడు. చివరికి తేలిన పన్నెండుమందిలో డచ్చి కుటుంబాలవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ ఒక్క అభ్యంతరం లేకపోతే తర్వాత హామిల్టన్ ఎంత గొప్పగా మాట్లాడినా గోడకు చెప్పుకున్నట్లే ఉండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆగస్టు 4న వాల్ స్ట్రీటులోని సిటీ హాలులో విచారణ. హాలు కిటకిటలాడుతోంది. చేంబర్స్ మాట ముగియగానే వెనక నుంచి తెల్లజుట్టు పెద్దాయన ఒకరు లేచి, తాను జెంగర్ తరఫున వచ్చానన్నాడు. అలెగ్జాండర్ రహస్యంగా ఫిలడెల్ఫియా నుంచి పిలిపించుకున్న హామిల్టన్. న్యూయార్కు లాయర్ల పట్టీలో ఆయన పేరు లేదు కనక కొట్టేయడానికి వీలు లేదు! లేస్తూనే, ఈ కాగితాలు నా క్లయింటే అచ్చువేశాడు, ఒప్పుకుంటున్నాం, సాక్షుల్ని పంపించేయవచ్చు అన్నాడు. అందరూ తెల్లబోయారు. అటార్నీ జనరల్ బ్రాడ్లీ, అయితే ఇంకేముంది, జ్యూరీ దోషి అని చెప్పడమే తరువాయి అన్నాడు.

అతను అన్నదానిలో తప్పు లేదు. అప్పటి ఇంగ్లీషు చట్టం అంతే. ప్రభుత్వాన్ని నిందిస్తూ రాయడం నేరం. రాసింది నిజమా అబద్ధమా అన్నది అనవసరం. నిజమైతే జనం ఇంకా రెచ్చిపోతారు కనక నేరం ఇంకా పెద్దది. జ్యూరీ పని అచ్చువేశాడా లేదా తేల్చడం వరకే. ఆ రాతలో నేరం ఉందా లేదా అన్నది జడ్జీ చెప్పాలి. చట్టం పుస్తకాలన్నీ బ్రాడ్లీ వైపే ఉన్నాయి.

హామిల్టన్ ఆరోపణ పత్రంలోని ఒక మాట పట్టుకున్నాడు. అందులో ‘అబద్ధపు’ రాతలు అని ఉంది. అయితే అబద్ధమని రుజువు చేయండి అన్నాడు. బ్రాడ్లీ తడబడ్డాడు. పోనీ, నిజమని నేనే రుజువు చేస్తాను, సాక్షులున్నారు అన్నాడు. డిలాన్సీ కుదరదన్నాడు. అప్పుడు ఆ ముసలాయన కోర్టుకు వినయంగా నమస్కారం పెట్టి జ్యూరీ వైపు తిరిగాడు. సాక్షుల్ని పిలవనివ్వడం లేదు కనక మీరే సాక్షులు అన్నాడు. మీరు ఈ ఊరివాళ్ళు, ఇక్కడ ఏం జరిగిందో మీ కళ్ళతో చూశారు, ఇందులో అబద్ధం ఉందో లేదో మీకు తెలియదా అని అడిగాడు.

ఆరోపణ పత్రంలో జెంగర్ వాక్యాల మధ్య అడుగడుగునా ‘అనగా గవర్నరుగారు’, ‘అనగా గవర్నరుగారి అధికారులు’ అని ఇరికించారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్లు! హామిల్టన్ దాన్ని ఆటపట్టించాడు. బైబిలులో యెషయా ప్రవక్త కావలివాళ్ళను గుడ్డివాళ్ళనీ మొరగలేని కుక్కలనీ తిట్టిన మాటలు చదివి, ఇలాగే పక్కన ‘అనగా గవర్నరుగారు’ అని చేర్చుకుంటూ పోతే ప్రవక్తను కూడా జైల్లో పెట్టవచ్చన్నాడు. తర్వాత గొంతు మార్చి 1670 నాటి లండను కేసు ఎత్తాడు. వీధిలో ఉపన్యాసం ఇచ్చిన నేరానికి ఒక క్వేకరు మీద విచారణ జరిగింది. జడ్జీలు ఎంత బెదిరించినా జ్యూరీ దోషి అనలేదు. తిండీ నీళ్ళూ లేకుండా బంధించినా అనలేదు. జుల్మానా వేస్తే, ఎడ్వర్డ్ బుషెల్ అనే జ్యూరీ సభ్యుడు కట్టక జైలుకు పోయి, పై కోర్టులో గెలిచాడు. తీర్పు చెప్పినందుకు జ్యూరీని శిక్షించరాదని అప్పుడు స్థిరపడింది. ఆ కేసులో ముద్దాయి ఎవరనుకున్నారు? విలియం పెన్. తర్వాత పెన్సిల్వేనియా స్థాపించిన పెన్నే. ఆ కుటుంబానికి వకీలుగా పనిచేసిన మనిషి ఇప్పుడు అదే కేసును న్యూయార్కు జ్యూరీ ముందు పెట్టాడన్న మాట.

డిలాన్సీ చివర్లో జ్యూరీకి, మీ పరిధి ఇంతే సుమా అని గుర్తు చేశాడు. పన్నెండుమంది లోపలికి వెళ్ళారు. కొద్ది నిమిషాలకే తిరిగి వచ్చారు. పెద్దగా ఎన్నికైన థామస్ హంట్, నిర్దోషి అన్నాడు. హాలంతా మూడుసార్లు జయజయధ్వానాలు. డిలాన్సీ కేకలేస్తే వినేవాళ్ళు లేరు. మర్నాడు జెంగర్ విడుదలయ్యాడు. బ్లాక్ హార్స్ అనే సత్రంలో నలభైమంది హామిల్టన్‌కు విందు చేశారు. ఆయన తిరుగు ప్రయాణమైతే రేవులో ఓడలు ఫిరంగులు పేల్చాయి. సెప్టెంబరులో నగరపాలక సంఘం అయిదున్నర ఔన్సుల బంగారు పెట్టెలో పెట్టి నగర పౌరసత్వం పంపించింది. ఫీజు తీసుకోని లాయరుకు అంతకన్నా ఏం కావాలి! ‘ఫిలడెల్ఫియా లాయర్’ అన్న నానుడి ఈ కేసు నుంచే వచ్చిందని అంటారు. మెచ్చుకోలుగా పుట్టిన మాట పోనుపోను జిత్తులమారి లాయరు అన్న అర్థంలోకి కూడా దిగింది.

ఇంతవరకూ బడిపుస్తకాలు చెబుతాయి. ఆ తర్వాత సంగతి అంత తేలిక కాదు. జెంగర్ తీర్పుతో చట్టంలో ఒక్క అక్షరం మారలేదు. అలెగ్జాండర్ 1736లో విచారణ కథంతా పుస్తకంగా రాస్తే జెంగరే అచ్చువేశాడు. అది 1738లో లండన్లో కూడా అచ్చయింది. కానీ నేరం ఉందో లేదో జ్యూరీయే చెప్పవచ్చునని ఇంగ్లండులో చట్టం రావడానికి 1792 దాకా పట్టింది. నిజం రాశానన్నది అక్కడ రక్షణగా చట్టంలోకి ఎక్కింది 1843లో. న్యూయార్కులో 1804లో హారీ క్రాస్వెల్ అనే సంపాదకుడి తరఫున మన పది డాలర్ల హామిల్టన్ వాదించాడు. జడ్జీలు ఇద్దరిద్దరుగా చీలిపోయారు. ఆయన ఆ వేసవిలోనే ద్వంద్వయుద్ధంలో చనిపోయినా, ఆ వాదనే 1805లో రాష్ట్ర చట్టమయింది.

మధ్యలో 1798 ఉంది. అప్పటికి ఫిలడెల్ఫియాయే రాజధాని. కాంగ్రెసు కూర్చునేది హామిల్టన్ భవనం పక్కనే. ఆ కాంగ్రెసు సెడిషన్ చట్టం చేసింది. చిత్రం ఏమిటంటే, అందులో నిజం రక్షణగా ఉంది, జ్యూరీకి అధికారమూ ఉంది. హామిల్టన్ అడిగినవన్నీ ఇచ్చి కూడా సంపాదకులను జైల్లో పెట్టగలిగారు. వెర్మాంట్ కాంగ్రెసు సభ్యుడు మాథ్యూ లయన్‌కు నాలుగు నెలల ఖైదు, వెయ్యి డాలర్ల జుల్మానా. జైల్లో ఉండగానే ఆయన మళ్ళీ ఎన్నికయ్యాడు, అది వేరే సంగతి. హామిల్టన్ చేరదీసిన ఫ్రాంక్లిన్ మనవడు బెంజమిన్ బాచీ ఫిలడెల్ఫియాలో ‘అరోరా’ పత్రిక నడిపేవాడు. ఆ చట్టం ఇంకా సంతకం కాకముందే అతన్ని అరెస్టు చేశారు. విచారణకు రాకుండానే విషజ్వరంతో పోయాడు.

మన దేశంలో ఏమయిందో కూడా చూద్దాం. 1870లో శిక్షాస్మృతిలో 124ఎ సెక్షను చేరింది. రాసింది నిజమే అన్నది రాజద్రోహానికి జవాబు కాదు. 1897లో బాలగంగాధర తిలక్ మీద బొంబాయి హైకోర్టులో విచారణ జరిగితే తొమ్మిదిమంది జ్యూరీలో ఆరుగురు యూరోపియన్లు దోషి అన్నారు, ముగ్గురు భారతీయులు కాదన్నారు. 1908లో మళ్ళీ విచారణ. ఈసారి ఏడుగురు యూరోపియన్లు, ఇద్దరు పార్సీలు. తిలక్ తన వాదన తనే రోజుల తరబడి వినిపించాడు. కేసరిలో ఆయన రాసింది మరాఠీలో, కేసు నడిచింది ఇంగ్లీషు తర్జుమాల మీద. ఏడుకు రెండు. ఆరేళ్ళు మాండలే. తిలక్‌కు వాక్చాతుర్యం తక్కువా? న్యాయశాస్త్రం తెలియదా? హామిల్టన్ లాగా ‘మీరే సాక్షులు’ అని ఆయన ఎవరి వైపు తిరిగి చెప్పాలి? అదే 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రిక సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు తిరునల్వేలి కాల్పుల మీద రాసినందుకు రాజద్రోహం కింద మూడేళ్ళు వెల్లూరు జైల్లో గడిపారు. ఆంధ్ర తిలక్ అని ఆయన్ను పిలుచుకున్నాం. తర్వాత గ్రంథాలయోద్యమంలో ఆయన చేసిన సేవ మన తాతల తరానికి తెలుసు.

మనలో సిటిజన్‌షిప్ తీసుకున్నవాళ్ళకు కొంతకాలానికి జ్యూరీ డ్యూటీకి రమ్మని కవరు వస్తుంది. అది రాగానే ఫోన్లు మొదలవుతాయి. ఆపరేషన్లున్నాయని రాస్తే వదిలేస్తారా, ఇంగ్లీషు సరిగా రాదని చెబితే ఎలా ఉంటుంది అని. ఇంగ్లీషులో మెడికల్ బోర్డులు పాసైనవాళ్ళే ఈ రెండో ఉపాయం అడుగుతారు! థామస్ హంట్ బృందం కూడా పనీపాటా ఉన్నవాళ్ళే. గవర్నరు కళ్ళలో పడతామని తెలిసి కూడా వాళ్ళు వచ్చి కూర్చున్నారు.

కాస్బీ 1736 మార్చిలో చనిపోయాడు. జెంగర్ మరుసటి ఏడు న్యూయార్కుకు ప్రభుత్వ ప్రింటరయ్యాడు! 1746లో అతను పోయాక ఆనా, ఆ తర్వాత కొడుకు జాన్ 1751 దాకా పత్రిక నడిపారు. లూయిస్ మారిస్ మనవళ్ళలో తాత పేరే పెట్టుకున్న ఒకాయన స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేశాడు. ఇంకొకాయన గవర్నీర్ మారిస్ రాజ్యాంగానికి తుదిపాఠం రాశాడు. ఆ రెండు కాగితాలూ పుట్టింది హామిల్టన్ కట్టించిన భవనంలోనే. ఆయన మాత్రం 1741లో పోయాడు. తేదీ ఆగస్టు 4, విచారణ జరిగి సరిగ్గా ఆరేళ్ళు.

ఈ వేసవిలో న్యూయార్కు వెళ్ళేవాళ్ళకు ఒక మాట. వాల్ స్ట్రీటులో పెద్ద మెట్లూ వాషింగ్టన్ విగ్రహమూ ఉన్న ఫెడరల్ హాలు ఆ పాత సిటీ హాలు ఉన్న స్థలమే. భవనం 1842 నాటిది, పాతదాన్ని 1812లో పడగొట్టారు. క్వేకర్ల ఓట్లు కొట్టేసిన మైదానం చూడాలంటే నగరానికి కొంచెం పైన మౌంట్ వెర్నన్ వెళ్ళాలి. సెయింట్ పాల్స్ అనే పాత చర్చి ఉంది. ఎన్నిక జరిగింది దాని పక్కనే.